అరూసాకు పసుపు పెట్టిన రోజు

“అరూసాకు నీళ్లు మార్చినవా?”

“మార్చిన. నువ్వు పండుకో.”

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. దమ్మామ్ ఆసుపత్రిలో, పక్కన గుండె గీతలు గీసే యంత్రం కూస్తుండగా ఆయన అడిగాడు, నేను చెప్పాను, ఆయన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు. పోయే ముందు మనుషులు దేవుణ్ణి తలుచుకుంటారని, కన్నవాళ్లను పిలుస్తారని విన్నాను. మా ఆయన మాత్రం గాజుతొట్టిలో ఉండే ఒక నీటిబల్లి బాగోగులు కనుక్కుని వెళ్లిపోయాడు. ఏడుస్తూ ఏడుస్తూనే నాకు నవ్వొచ్చేసింది. నన్ను చూసి అక్కడున్న నర్సు బెదిరిపోయింది కూడా.

ఆ అరూసా ఎవరో, దానికీ మాకూ ఏం చుట్టరికమో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. నాకు రాయడం రాదు. సంతకం వచ్చు, కూడబలుక్కుని బస్సు బోర్డు చదవగలను, అంతే. ఈ బొంగురు గొంతుతో నేను చెబుతుంటే మా అక్క కూతురు కంప్యూటర్‌లో కొడుతోంది. దాని మొగుడికి దమ్మామ్‌లో ఉద్యోగం. శుక్రవారం సెలవు కదా అని ఖోబర్‌లో నా దగ్గరికి వచ్చింది. (“చిన్నమ్మా, జర మెల్లగ చెప్పు, నా వేళ్లు నీ నోటంత ఉరుకయి” అంటోంది. ఉరికించు బిడ్డా, ఇది ఉరుకుతూ చెప్పాల్సిన ముచ్చటే.)

ఆ రోజుల్లో మా జగిత్యాల వైపు గల్ఫ్ మొగుడంటే ఒక ఫోను గొంతు, అంతే. పెళ్లిలో కనబడతాడు, పసుపు బట్టలు ఉతికి ఆరేసేలోపు విమానం ఎక్కుతాడు, ఆపైన సంసారమంతా ఫోనులోనే. నాదీ అదే కథ. మా ఆయన ముఖం నాకు సరిగ్గా గుర్తుండేది కాదు గానీ, గొంతు మాత్రం వంద గొంతుల్లో పోల్చుకునేదాన్ని. ఆ గొంతు నిండా అబద్ధాలే. చెడ్డవి కావు, ముద్దు అబద్ధాలు. కొత్త పెళ్లాన్ని నవ్వించడానికి పాపం ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. “ఇక్కడ మనుషులకే గాదు పిల్లా, ఒంటెలకు గూడ ఇకామా ఉంటది. ఈ దేశంల ఉండనిచ్చే ఆ కార్డు లేకుంట రోడ్డెక్కినయంటే పోలీసోళ్లు జీపుల ఎక్కిచ్చుకొని పోతరు” అనేవాడు. నేను నమ్మి మా అమ్మకు చెప్పాను, మా అమ్మ నమ్మి వాడకట్టంతా చెప్పింది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ఒంటె జీపులో ఎలా పడుతుందా అని రోజంతా కొట్టుకున్నారు. ఇంకోసారి, “శుక్రారం శుక్రారం సముద్రమే ఇంట్లకొచ్చి బోళ్లు కడిగిపోతది” అన్నాడు. అప్పటికి నాకు తెలివొచ్చింది. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా, “ఆఁ, ఒంటె ఇకామానే గదా!” అనేదాన్ని. మా ఇద్దరి మధ్య అదొక మాటై కూర్చుంది.

ఆయన అల్ ఖోబర్‌లో ఒక సౌదీ కుటుంబానికి డ్రైవరు. ఇంటాయనను పనివాళ్లంతా బాబా అంటారు. ఇంటావిడది మొరాకో దేశం, ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పే టీచరు. ఆమెను మేం మేడమ్ అనేవాళ్లం. వంటకూ ఇంటిపనికీ మనిషి కావాలని వాళ్లు అనడం, మా ఆయన నోరు తెరిచి నా పేరు చెప్పడం, నాకు వీసా రావడం అన్నీ చకచకా జరిగిపోయాయి. కానీ ఒక షరతు. మూడు నెలలు చూస్తారు. నచ్చితే ఉంటాను, నచ్చకపోతే తిరుగు టికెట్. అంటే మళ్లీ నేను జగిత్యాలలో, ఆయన ఇక్కడ, మధ్యలో ఫోను. ఆ మూడు నెలలూ గ్లాసు కింద పెట్టినా చప్పుడు కానివ్వలేదంటే నమ్మండి. గేటు పక్కన మాకిచ్చిన గదిలో నా సూట్‌కేసును మంచం కింద సగం విప్పీ విప్పకుండా ఉంచాను. మొత్తం విప్పేస్తే దిష్టి తగులుతుందని భయం. (ఇంకో ముచ్చట చెప్పనా? ఎదురుగా కూర్చున్న మనిషికీ ఫోనులోని గొంతుకూ నాకు చాన్నాళ్లు పొత్తు కుదరలేదు. ఆయన మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని వినేదాన్ని, అప్పుడే నా మొగుడిలా అనిపించేవాడు. “నిద్రొస్తున్నదా?” అని అడిగేవాడు పిచ్చిమనిషి.)

నేను వచ్చిన రోజే మేడమ్ ఇల్లంతా తిప్పి చూపిస్తూ, చివర్న వంటింటి పక్కనున్న చిన్న గదికి తీసుకెళ్లింది. బయట హాయిగా చల్లగాలి వీస్తున్నా ఆ గదిలో ఏసీ గుయ్యిమని తిరుగుతోంది. గోడవారగా గాజుతొట్టి. అందులో నాచు మధ్యన జానెడుకు మించిన పొడుగుతో, బురద రంగు ఒళ్లు, చపటా తల, తెడ్డు లాంటి తోక వేసుకుని ఒక ప్రాణి నా వైపే చూస్తోంది. “వామ్మో, బల్లి!” అని కేకేసి మా ఆయన వెనక దాక్కున్నాను. మా ఇంట్లో బల్లి మీద పడితే తలస్నానం చేసి, దీపం పెట్టి, ఏ చోట పడితే ఏ ఫలమో పంచాంగంలో చూపించుకుంటాం. వీళ్లేమో దానికి ఏసీ పెట్టి పెంచుతున్నారు! మేడమ్ మురిసిపోతూ అరబ్బీలో చెప్పుకుపోతోంది, మా ఆయన నాకు తెలుగు చేస్తున్నాడు.

“దీని పేరు అరూసా అంట. ఇది బల్లి గాదంట, కప్పకు సుట్టమంట. సూడు, పొలుసులున్నయా? తోలుతోటే గాలి పీలుస్తదంట, నడుమ నడుమ పైకొచ్చి నోటితోటి గూడ ఓ గుక్క పీలుస్తదంట.”

“మంచిగున్నది.”

“కాలు తెగితె మళ్ల మొలుస్తదంట.”

“ఆఁ.”

“ఎవలన్న పట్టుకుంటె, పక్కటెముకలు ఈటెల లెక్క తోలు చీల్చుకొని బయటికి పొడుస్తదంట. తోలు మీద విషం ఊరి ఆ కొసలకు అంటుతదంట. అందుకే చెయ్యి పెట్టొద్దంటున్నది.”

“ఇంకా?”

“దీని జాతియి రాకెట్ల ఆకాశం దాక పొయొచ్చినయంట.”

అంతవరకూ ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాలేదు. “ఒంటె ఇకామానే గదా!” అన్నాను.

“నీ మీదొట్టు! మేడమే చెప్తున్నది!”

“మనం ఊరికి పొయ్యిరావాలంటె బాబా సంతకం గావాలె. దీనికి ఆకాశానికి ఎగ్జిట్ రీఎంట్రీ ఎవలిచ్చిండ్రు?”

మేడమ్ ఏమందని అడిగింది. ఆయన ఏం తర్జుమా చేశాడో ఏమో, ఆమె నా భుజం తట్టి పకపకా నవ్వింది.

అలా అరూసా సేవ కూడా నా పనుల్లో చేరింది. ఫ్రీజర్‌లో ఎర్రటి చిన్న చిన్న గడ్డలుంటే పండుమిరప తొక్కేమో అనుకుని, అన్నంలోకి ఒకటి కరిగించుకోబోయాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి గిన్నె లాక్కున్నాడు. అవి అరూసా తినే పురుగులట! (ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వెంటనే నమ్మాను.) మేడమ్ ఖాళీగా ఉన్నప్పుడల్లా దాని పుట్టిల్లు ముచ్చట్లు చెప్పేది, మా ఆయన తెలుగు చేసేవాడు. దాని జాతి ఉండేది మొరాకోలో, సముద్రం అవతల స్పెయిన్ వైపు. చెరువుల్లో, పాత బావుల్లో, నీళ్ల తొట్లలో ఉంటుందట. మేడమ్ నానమ్మ ఇంటి బావిలో బకెట్ వేస్తే ఒక్కోసారి నీళ్లతో పాటు అదీ పైకి వచ్చేదట, ముసలావిడ దాన్ని మళ్లీ మెల్లగా బావిలోకి దించేసేదట. ఎండకు చెరువులు ఎండిపోతే రాళ్ల కిందికీ బురదలోకీ దూరి, వాన పడేదాకా కదలకుండా పడి ఉంటుందట. అది విన్నాక నాకు దాని మీద జాలి పుట్టింది. పెళ్లయ్యాక వీసా వచ్చేదాకా నేనూ అలాగే కదా పడి ఉన్నది! అప్పటినుంచి గది తుడుస్తూ దానితో ముచ్చట పెట్టేదాన్ని. తెలుగులోనే. అది తల ఎత్తి వినేది. ఆ ఇంట్లో పగటిపూట నాతో తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకెవరున్నారు?

మూడు నెలలు ముగియవస్తున్నాయనగా బాబా తల్లికి ఒంట్లో బాగాలేదని వాళ్లు హొఫూఫ్ వెళ్లారు. మా ఆయన దింపేసి వచ్చాడు, మళ్లీ వెళ్లి తీసుకురావాలి. వెళ్తూ వెళ్తూ మేడమ్ నాకు రెండే పనులు అప్పజెప్పింది. ఆ గది ఏసీ ఆపకూడదు, అరూసాకు వేడి పడదు. నల్లా నీళ్లలో మందు వాసన ఉంటుంది కాబట్టి బకెట్‌లో పట్టి నిలవ ఉంచిన నీళ్లే తొట్టిలో పోయాలి. చేతులు పట్టుకుని మరీ చెప్పింది. నేను తల ఊపాను. ఇంత సులువైన పనితో నా మూడు నెలలు గట్టెక్కుతున్నాయని లోపల ఎగిరి గంతేశాను.

ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. వాళ్లను తీసుకురావడానికి ముందు రోజు, మా ఆయన కారు కడిగించుకొస్తానని వెళ్లాడు. నేను పొద్దున్నే ఇల్లు అద్దంలా పెట్టాలని పూనుకున్నాను. మేడమ్ రాగానే నేల చూసి, “ఈ మనిషిని వదులుకోవద్దు” అనుకోవాలి కదా! మూల బకెట్‌లో నీళ్లు ఊరికే కనబడుతున్నాయి. వాటితో నేలంతా తుడిచేశాను. మళ్లీ పట్టి పెడదాంలే అనుకుని వంటింట్లోకి పోయాను, పనిలో పడి మరిచాను. మధ్యాహ్నం ఆ గది తలుపు తీస్తే మొహానికి వేడి కొట్టింది. గుయ్యిమనే చప్పుడు లేదు. ఏసీ ఆగిపోయింది! అరూసా నీటి పైకి వచ్చి, నోరు తెరిచి, గాజుకు అతుక్కుని ఉంది. వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను.

“ఓ! ఏసీ బందైంది!”

“ఏ ఏసీ?”

“అరూసాది! నోరు తెరుస్తున్నది! సచ్చిపోయేటట్టున్నది!”

“బుగులు పడకు. బకెట్ల నీళ్లు పొయ్యి, నేనొస్తున్న.”

“బకెట్ల నీళ్లు లెవ్వు. నేల తుడిసిన.”

“నేలనా?”

“నల్లా నీళ్లు పోస్త తియ్యి!”

“ఆగాగు! చల్ల నీళ్ల నల్లా తిప్పకు! మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగుంటది, చల్లదాంట్ల కాగిన నీళ్లొస్తయి. వేడి నీళ్ల నల్లా తిప్పు. గీజర్ బంద్ చేసి ఉన్నది గదా, అండ్లయే చల్లగుంటయి.”

చూశారా? ప్రాణం పోతుంటే కూడా పరాచికాలే! చల్ల నల్లాలో వేడి నీళ్లట, వేడి నల్లాలో చల్ల నీళ్లట! పొద్దున నేను బోళ్లు కడిగినప్పుడు చల్ల నల్లాలో చల్లటి నీళ్లే వచ్చాయి, నా చేతులకు తెలియదా? “ఒంటె ఇకామా!” అని అరిచి ఫోను పెట్టేశాను. చల్ల నల్లా కింద జగ్గు పెట్టి నింపాను, ఉరికి వచ్చి తొట్టిలో కుమ్మరించాను. ఒక చుక్క నా చేతి మీద పడింది. కాలింది! తొట్టిలో అరూసా తోకతో ఒకే ఒక్క కొట్టు కొట్టి, గాజుకు ఈ చివర్నుంచి ఆ చివరికి గింగిరాలు తిరిగింది.

ఇక ఆలోచన ఎక్కడిది? రెండు చేతులూ పెట్టి పట్టేశాను. జారుడు సబ్బులా ఉంది. ఇంకొంచెం గట్టిగా పట్టాను. అది ఒళ్లు బిగబట్టి విల్లులా వంగింది. దాని రెండు పక్కలా నారింజ రంగు చుక్కలు వరుసగా ఉంటాయి, రవికకు కుట్టిన గుండీల్లాగా. నేను చూస్తుండగానే ఒక్కో చుక్కలోంచి ఒక్కో ముల్లు బయటికి వచ్చింది. ముల్లు కాదు, ఎముక! తెల్లగా, సన్నగా, నిమ్మచెట్టు ముల్లులా వాడిగా! అరచేతిలో చురుక్కుమంది. దాని ఒంటి మీద పాలలాంటిదేదో ఊరింది. ఆపైన మంట! పచ్చిమిర్చి రోట్లో నూరి గాయానికి అద్దినట్టు మంట! వదిలేద్దామా అంటే కింద నేల ఉంది, పడితే చస్తుంది, అది చస్తే నాకు తిరుగు టికెట్. “నా మొగుని దగ్గర ఉండనియ్యే తల్లీ!” అని దానికి దండం పెడుతూ, అది పొడుస్తుంటే పొడిపించుకుంటూ, వంటింటి దాకా పరుగెత్తుకెళ్లి బేసిన్‌లో దించాను. మోచేత్తో ఫ్రిజ్ తీసి తాగే నీళ్ల సీసాలు అందుకుని, బయట ఉన్నవి కలిపి మెల్లగా పోశాను. (మేమిద్దరం నల్లా నీళ్లు తాగేవాళ్లం. ఆ రోజు అరూసా తాగినవి సీసా నీళ్లు.) అది మునిగి, తేలి, మళ్లీ మునిగి, నెమ్మదించింది. బతికింది! కానీ పక్కల్లో ఆ ఎముకల కొసలు ఇంకా కనబడుతున్నాయి.

అప్పుడు నాకు తోచిందేమిటో చెప్పనా? గట్టిగా పిసికి దాని పక్కటెముకలు నేనే విరిచేశాను, అవి తోలు చీల్చుకుని బయటికి వచ్చాయి! ఆయన చెప్పిన ఈటెల కథ నా తలలోకి రానే లేదు. అది ఒంటె ఇకామాల గంపలో ఎప్పుడో పడిపోయింది. మరి గాయమైతే మాకు తెలిసిన మందేమిటి? మా ఊరంతా పసుపు చేలే. వేలు తెగితే పసుపు, మోకాలు చీరుకుపోతే పసుపు, ఎద్దుకు పుండు పడితే పసుపు. మా అమ్మ మా చేనులో పండి, ఉడికి, ఎండిన కొమ్ములే దంచి, “ఎంత దెబ్బ తాకినా ఇదే డాక్టరు” అని సంచిలో కట్టి పంపింది. ఆ పసుపును గిన్నెలో చిక్కగా కలిపి, దూది ముంచి, అరూసాకు ముందు పక్కలకు, తర్వాత వీపుకు, ఎందుకైనా మంచిదని తల నుంచి తోక దాకా పూసేశాను. మిగిలింది నా అరచేతులకు పూసుకుని, బేసిన్ పక్కన కూలబడి ఏడవడం మొదలెట్టాను. బల్లి మన మీద పడితే ఫలం ఉంది కానీ, మనమే బల్లి మీద పడితే ఏం ఫలమో ఏ పంచాంగంలో ఉంటుంది?

మా ఆయన ఆయాసపడుతూ వచ్చాడు.

“ఏమైందే?”

“ఎముకలిరిగినయి. నేనే ఇరిసిన. నేను పోత ఇంటికి.”

ఆయన బేసిన్‌లోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. “గిదేంది, పచ్చగున్నది?”

“పసుపు.”

“పసుపా!”

“మన చేనుదే. కల్తీ లేదు.”

“కల్తీ లేదంట!” అని ఆయన కడుపు పట్టుకుని గోడకు ఆనుకుపోయాడు. “అరూసా అంటే ఏందో ఎర్కనా పిల్లా నీకు? అరబ్బీల పెండ్లిపిల్ల అని. నువ్వు నిజంగనే దాన్ని పెండ్లిపిల్లను జేసినవ్! ఇగ బాసింగం ఒక్కటే తక్కువ!”

“నవ్వకు! దాని ఎముకలు సూడు!”

“నేను జెప్పలే? పట్టుకుంటె పక్కటెముకలు బయటికి పొడుస్తదని ముందుగాల్నే జెప్పలే?”

“నువ్వు ఒంటెకు ఇకామా ఉంటదని గూడ జెప్పినవ్!”

ఆ మాటతో ఆయన నవ్వు టక్కున ఆగింది. అప్పుడు నా చేతులు చూశాడు. పసుపు కింద అరచేతులు పొంగి, ఎర్రటి పొక్కులు. నన్ను లేపి నల్లా దగ్గరికి తీసుకెళ్లాడు, వేడి నీళ్ల నల్లా తిప్పాడు. చల్లగా, మంచులా నీళ్లు! అంత మంటలోనూ నోరు తెరిచి, “ఇది గూడ నిజమేనా?” అన్నాను. “నిజమేనే” అన్నాడు, తప్పు చేసినవాడిలా. ఒక్కో వేలే కడిగి, మంట తగ్గే మందేదో పూసి, తన రుమాలు చింపి కట్టాడు. పెళ్లిలో కొంగులు ముడేసినప్పటి తర్వాత ఆయన నా చేతిని అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. పట్టుకున్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. నేను మాత్రం ఆయన ముఖం కళ్లు తెరిచి చూశాను.

ఆ తర్వాత ఆయన గోడ మీది కరెంటు పెట్టె తెరిచాడు. ఒక మీట కిందికి పడి ఉంది. పైకి ఎత్తాడు. ఏసీ గుయ్యిమంది. “గంతేనా?” అన్నాను. “గంతే” అన్నాడు.

బకెట్‌లో తాగే నీళ్లు పోసి అరూసాను ఎన్ని మార్లు ముంచి తీసినా ఆ పసుపు వదిలితే ఒట్టు. మా చేను పసుపంటే ఏమనుకున్నారు! పైపైది పోయింది గానీ, తోలు ముడతల్లో, వేళ్ల సందుల్లో, తోక అంచున నిలిచిపోయింది. దివ్యంగా ఈదుతోంది, వేసిన పురుగులన్నీ మింగింది, కానీ నిమ్మపండు రంగులో ఉంది. ఎముకలు ఎప్పుడు లోపలికి వెళ్లిపోయాయో తెలియదు, చిల్లు కోసం వెతికితే ఆ నారింజ చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. మర్నాడు మేడమ్ వాళ్లను తీసుకురావడానికి బయల్దేరుతూ మా ఆయన, “నేనే జేసిన్నని చెప్త. నన్ను పంపితె పంపనియ్యి. నేను ఇంకో కఫీల్‌ను సూసుకుంట” అన్నాడు. ఇంకో యజమాని దొరకడం అంగట్లో కూరగాయలు కొన్నట్టా?

“నీ అబద్ధం ఎవలు నమ్ముతరు? నీ చేతులకు పొక్కులేవి?” అన్నాను.

“పోనీ నన్ను గూడ పొడువుమను.”

“సాలు. అబద్ధాలు నీ దగ్గర మస్తుగున్నయి. ఇది నేను చెప్త.”

మేడమ్ వచ్చింది. అద్దంలాంటి నేల చూడనే లేదు. చెప్పులు విప్పి నేరుగా ఆ గదిలోకే పోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. “ఎష్ హాదా?” అంది. ఇదేమిటని. మా ఆయన నోరు తెరవబోతే పక్కకు నెట్టాను. నాకు అరబ్బీ రాదు. రాకపోతేనేం? ఏసీ వైపు చూపించి గుయ్యిమన్నాను, గుయ్యి ఆపేశాను. బకెట్ చూపించి నేల తుడిచాను. నల్లా తిప్పి, జగ్గు కుమ్మరించి, కాలిన చెయ్యి ఊదుకున్నాను. అరూసాలా నోరు తెరిచి గాజుకు అతుక్కున్నాను. విల్లులా వంగి, వేళ్లు పక్కటెముకల దగ్గర పెట్టి చాచాను. పసుపు గిన్నె తెచ్చి చూపించాను. ఆఖర్న కట్టు విప్పి నా అరచేతులు ఆమె ముందు చాపాను.

మేడమ్ నన్ను చూసింది, తొట్టిని చూసింది, మళ్లీ నన్ను చూసింది. నేల మీద కూర్చుండిపోయింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు! కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, ఊపిరాడక, చేత్తో నేలను కొడుతూ నవ్వు! బాబా ఏం జరిగిందో అని పరుగున వచ్చాడు. మేడమ్ తేరుకుని చెప్పడం మొదలెట్టింది, మా ఆయన నాకు చెప్పాడు.

“అది ఇరగలేదంట. దాని ఎముకను అదే ముందుకు తిప్పి, దాని తోలును అదే చీల్చుకొని పొడుస్తదంట. కొంగనో పామో నోట్ల పెట్టుకుంటె నోరు మండి ఉమ్మేస్తదంట. తర్వాత ఎముక లోపలికి పోతది, గాయం దానంతట అదే మానుతదంట. దానికి డాక్టర్ అక్కర లేదంట. నీకే గావాలంటున్నది.”

“తన్ను తాను పొడుసుకొని ఎదుటోళ్లను పొడుస్తదా? అచ్చం మా అత్త లెక్క!” అన్నాను. (ఆ ముక్క మాత్రం ఆయన అరబ్బీ చేయలేదు.)

మేడమ్ నా అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఇంకేదో చెప్పింది, ఈసారి నవ్వకుండా, మెల్లగా.

“ఏమంటున్నది?”

“మా దేశంల పెండ్లిపిల్లకు గోరింటాకు పెడ్తరు, మీ దిక్కు పసుపా అని అడుగుతున్నది. ఇంకా… ఇంత పొడుస్తున్నా చేతులకెల్లి కింద పడెయ్యలేదు, ఇసుంటి మనిషి ఎక్కడ దొరుకుతది, ఉండమను అంటున్నది. మూడు నెలల ముచ్చట ఖలాస్ అంట.”

నేను ఆయన ముఖంలోకి చూశాను. కళ్లు తడిగా ఉన్నాయి. ఎంత బాగా అబద్ధం చెబుతున్నాడు నా కోసం, అనుకున్నాను! నా మనసు విరగకూడదని, విమానం దాకా నవ్వుతూ పంపాలని. “ఒంటె ఇకామానే గదా” అని మెల్లగా అనేసి, మా గదికి పోయి, మంచం కింది సూట్‌కేసు లాగి బట్టలు పెట్టుకోవడం మొదలెట్టాను. “నిజంగ పిల్లా! అరూసా మీదొట్టు!” అంటూ ఆయన గుమ్మంలో నిలబడి మొత్తుకుంటున్నాడు. నేను వినడం లేదు. పసుపు సంచి కూడా పెట్టేశాను. ఇంతలో మేడమే వచ్చింది. మా గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి. నా చేతిలోంచి చీర తీసుకుంది. సూట్‌కేసులోని బట్టలన్నీ తీసి మంచం మీద పోసింది. ఖాళీ సూట్‌కేసును మూసి, స్టూలు ఎక్కి, బీరువా పైన, గోడ వరకూ నెట్టేసింది. పసుపు సంచి మాత్రం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ సూట్‌కేసు ఇప్పటికీ అక్కడే ఉంది, ఆ బీరువా మీదే. ఊరికి వెళ్లేటప్పుడు కొత్తది కొనుక్కున్నాను గానీ దాన్ని దించలేదు. అరూసాకు ఆ పసుపు కొన్నాళ్లు ఉంది. ఒకరోజు తోలు కుబుసంలా విడిచి, ఆ తోలును తనే మింగేసింది, మళ్లీ బురద రంగుకు వచ్చింది. ముసలిదైంది, ఇప్పుడూ ఉంది. దాని జాతికి ఆయుష్షు ఎక్కువట. ఆ తర్వాత మా ఆయన నాతో ఎన్ని అబద్ధాలు చెప్పాడో లెక్కే లేదు, ఎన్ని నిజాలు చెప్పాడో కూడా లేదు. దేన్నీ తిన్నగా నమ్మలేదు నేను. ప్రతిదానికీ అదే మాట. ఆయన మాత్రం ఆసుపత్రిలో అడిగాడు, నేను మార్చిన అన్నాను. ఎప్పుడు, ఏ నీళ్లు, బకెట్‌వేనా అని ఒక్క ప్రశ్న లేదు. ఒక్క మాటకే నమ్మి కళ్లు మూసుకున్నాడు. (నిజంగానే మార్చానే, ఆసుపత్రికి వచ్చే ముందే మార్చాను. నిలవ నీళ్లే.) సూట్‌కేసు ముందు కూర్చుని బిక్కమొహంతో చీరలు మడతపెట్టుకుంటున్న ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, “పిచ్చిదానా, ఆయన చెప్పింది నిజమే, లే” అని నెత్తిన ఒక్కటి మొట్టాలనిపిస్తుంది.

అదిగో, తొట్టిలో అరూసా పైకి వచ్చింది, గుక్కెడు గాలి పీల్చుకుని పోయింది. సరే బిడ్డా, ఇక కొట్టడం ఆపు. ఏదీ, చదివి వినిపించు. పసుపు దగ్గర్నుంచి కాదు, మొదట్నుంచి. ఆయన నీళ్లు మార్చినవా అని అడిగాడే, ఆ మాట నుంచి. అది మాత్రం ఆయన అన్నట్టే మెల్లగా చదువు. నేను కళ్లు మూసుకుంటాను.